గోడకెక్కిన గొంగడి



కొన్నాళ్ల క్రితం హైదరాబాదులో బంధువుల గృహప్రవేశానికి వెళ్లాను. పదకొండో అంతస్తు. ముందుగదిలో గోడమీద, సన్నని కొయ్యబద్దకు వేలాడదీసిన నల్లని నేత ఒకటి కనిపించింది. పైనుండి చిన్న దీపం దానిమీద వెలుగు పోస్తున్నది. అంచున రెండు తెల్లని చారలు, మిగిలినదంతా నలుపు. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ నలుపులోనే గోధుమ, బూడిద చాయలు దోబూచులాడుతున్నాయి. ఆ ఇంటి కోడలు ఎంతో మురిపెంగా, "మామయ్యగారూ, ఇది డెక్కన్ ఊల్ టేపెస్ట్రీ అండీ, అచ్చంగా చేతినేత" అన్నది. చేత్తో తాకి చూశాను. కంటికంటె ముందు అరచెయ్యి ఆనవాలు పట్టింది. "ఇది గొంగడి కదమ్మా!" అన్నాను. ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. వెంటనే, "చాలా మంచి గొంగడి" అని సవరించుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆ సవరణే నన్ను వేధించింది. గొంగడి అన్నమాటకు ఆమె ఎందుకు చిన్నబుచ్చుకోవాలి? నేనెందుకు సర్దిచెప్పాలి? ఆ ఆలోచనలోనుండి పుట్టినదే ఈ టపా. తెలుగు పండితుణ్ణి గనుక మాటతోనే మొదలుపెడతాను.

'కంబళి' సంస్కృత 'కంబల' శబ్దభవం. అమరసింహుడు దానికి 'రల్లకం' అని పర్యాయపదం చెప్పాడు. 'ఉన్ని'కి మూలం 'ఊర్ణ'. సాలెపురుగును 'ఊర్ణనాభి' అనడం అందుకే. నాభిలో ఉన్ని గలది అని అర్థం. 'గొంగడి' మాత్రం జనం నోట పుట్టి పెరిగిన దేశ్యం. కోస్తాలో 'గొంగళి' అంటారు. ఒళ్లంతా నూగుతో కనబడే పురుగును గొంగళిపురుగు అన్నది ఈ పోలికతోనే. మరాఠీవారికి ఇదే వస్తువు 'ఘోంగడీ'. కన్నడంలో 'కంబళి' ఎక్కువగా వాడుక. మాట ఇటునుండి అటు వెళ్లిందా, అటునుండి ఇటు వచ్చిందా అని వాదించడం కంటె, మందలు నడిచిన దారినే మాటలూ నడిచాయి అనుకోవడం న్యాయమని నాకు తోస్తుంది.

మన సామెతలలో గొంగడికి దక్కిన స్థానం చూడండి. 'గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్టు' అంటాం. పని ముందుకు సాగకపోతే 'ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది' అంటాం. రెండింటిలోనూ కొంత చిన్నచూపు ఉన్నది. నిజానికి గొంగడి వేసినచోట ఉండిపోయే వస్తువు కాదు. కాపరి భుజంమీద కోసుల కొద్దీ నడిచిన వస్తువు.

నల్లకంబళికీ వానకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రాజు ఖజానాకు చేరవలసిన విలువైన వస్తువుల వరుసలో ఉన్నిబట్టల రకాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో నేపాళదేశపు 'భింగిసి' ఒకటి. ఎనిమిది ముక్కలు కలిపి కుట్టిన నల్లని కంబళం, వానను ఆపేది అని దాని లక్షణం. మన కాపరి తలమీది కొప్పెరకు అంత దూరాన, అంత పూర్వమే ఒక జ్ఞాతి ఉన్నదన్నమాట! అప్పుడది కోశాగారంలో పెట్టదగిన వస్తువు. సిగ్గుపడవలసిన వస్తువు కాదు.

ఇక మా సీమ సంగతి. నేను ఉద్యోగం చేసినదంతా వికారాబాదు, తాండూరు ప్రాంతాలలోనే. వికారాబాదు పక్కనే అనంతగిరి కొండలు. పద్మనాభస్వామి కొలువున్న ఆ కొండలలో మూసీ పుట్టి తూర్పుగా హైదరాబాదు వైపు ప్రవహిస్తుంది. కాగ్నా అక్కడే పుట్టి, పడమరగా తాండూరు మీదుగా సాగి భీమానదిలో కలుస్తుంది. ఎటు పోయినా ఆ నీళ్లు చివరకు చేరేది కృష్ణలోకే. దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమిమీద ఎర్రనేలలు, నల్లరేగళ్లు, వాటి మధ్య బండరాళ్ల బయళ్లు. సేద్యానికి లొంగని బయళ్లలో గొర్రెలు మేస్తాయి. పంట కోసిన చేలలో రైతులు మందలు పెట్టించుకుంటారు. పగలంతా మేసిన గొర్రెలు రాత్రి చేలో పడుకుంటే వాటి పెంటికే ఎరువు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరం సంతోషించాం. ఆ కంది రుచి వెనుక సున్నపురాతి నేల గొప్పతనం ఉన్నది. ఆ నేలమీద తరతరాలుగా పడుకున్న మందల పాలు కూడా ఉన్నదని నా నమ్మకం.

ఈ మందల వెంట నడిచినవారు కురుమలు. కన్నడనాట కురుబలు, మహారాష్ట్రలో ధన్‌గర్లు. మనకు బీరప్ప, వారికి బీరేశ్వరుడు, ఆవలివారికి బిరోబా. మూడు భాషల కాపరులకు ఆ దేవుడొక్కడే. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనివి. ఆ ఏడాది నవంబరు 1న రాష్ట్రాలు భాషలవారీగా ఏర్పడినప్పుడు ఈ రెండూ తెలుగువైపు వచ్చాయి. మనుషులకు సరిహద్దు ఏర్పడింది గాని, గొర్రెకు గడ్డి ఏ భాషలో మొలిస్తేనేమి? 

ఉన్నితో కురుమల అనుబంధం ఎంత గాఢమైనదో పెండ్లి కంకణమే చెబుతుంది. వారిలో 'ఉన్ని కంకణం' వారు, 'పత్తి కంకణం' వారు అని రెండు శాఖలున్నాయి. పెండ్లిలో మణికట్టుకు కట్టే దారం ఉన్నిదా, పత్తిదా అన్నదే భేదం. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణభారత కులాలు, తెగల మీద ప్రచురించిన ఏడు సంపుటాలలో కురుబల ఈ విభాగాలు నమోదై ఉన్నాయి. అంతకు ముందు 1898లోనే ఆయన మద్రాసు రాజధానిలోని ఉన్నినేత మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం వెలువరించాడు. ఒక్క దారపుపోగు వంశాన్నే గుర్తుపట్టించే చోట, నేత అనేది వృత్తి మాత్రమే ఎలా అవుతుంది?

గొంగడి తయారీని నేను దగ్గరగా చూసింది ఉద్యోగంలో చేరిన కొత్తలో. దక్కని జాతి గొర్రెకు ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. ఏడాదంతా కలిపినా ఒక గొర్రెనుండి వచ్చేది కిలోకు చాలా తక్కువే. అందువల్ల ఒకటి రెండు గొర్రెల బొచ్చుతో గొంగడి కాదు. చిన్న మంద బొచ్చంతా కలవాలి. కత్తిరించిన బొచ్చులో ముల్లూ మట్టీ ఏరి, వింటినారితో ఏకుతారు. ఆ నారి మోగుతుంటే బొచ్చు పొగమంచులాగా పైకి లేచేది. వడకడం ఆడవారి పని. ముసలమ్మలు అరుగులమీద కూర్చుని, కబుర్లాడుతూ, దారంవైపు చూడకుండానే వడికేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, కుంచెతో సాపుచేసి, ఎండలో ఆరబెడతారు. చింతగింజలను పొట్టు తీసి, నానబెట్టి, నూరి ఉడికిస్తే వచ్చే ఆ గంజి దారానికి బిగువునిస్తుంది. తరువాత మగ్గం. పేకను కొయ్యకత్తితో దట్టంగా కొట్టి దగ్గరికి చేరుస్తారు. రంగు అద్దకం లేదు. నల్లగొర్రె నలుపే నలుపు, తెల్లగొర్రె తెలుపే అంచుచార.

ఇలా నేసిన గొంగడి వానను ఎలా ఆపుతుంది? ఉన్నిలో సహజంగా ఒక మైనం ఉంటుంది. నీరు దానిమీద తొందరగా నిలవదు. పైగా తడిసినకొద్దీ పోగులు ఉబ్బి, నేతలోని సందులు మరింత మూసుకుంటాయి. ఒక కొసను మడిచి తలమీద కొప్పెరగా పెట్టుకుంటే, నీరు భుజాలమీదుగా జారిపోతుంది. ఆ మైనానికీ, ఆ గంజికీ ఒక వాసన ఉంటుంది. తడిసినప్పుడు అది మరింత పెరుగుతుంది. ఈ వాసన సంగతి మళ్లీ చెబుతాను.

గొంగడి గృహాలంకారం కావడం కొత్త సంగతని నగరవాసులు అనుకుంటారు. కాదు. తాండూరు వైపు ఇండ్లకు నాపబండల నేలలు. నీలం, పసుపు, బూడిద రంగుల్లో ఆ బండలు ఈనాటికీ దేశమంతటికీ పోతుంటాయి. 1874లో వాడినుండి సికింద్రాబాదుకు ఈ ఊళ్లమీదుగా రైలుమార్గం వచ్చాక బయటి ఊళ్లకు రాకపోకలు సుగమమయ్యాయి. చలికాలంలో ఆ బండమీద కాలు పెడితే జివ్వుమంటుంది. ఇంటికి చుట్టం వస్తే మొదట పరిచేది గొంగడి. గొంగడి పరిచారంటే కూర్చోమని మర్యాద. పంచాయితీ పెద్దలు కూర్చునేది దానిమీదే. కురుమల ఇండ్లలో శుభకార్యానికి గొంగడి మడతపెట్టి గద్దెగా చేసి, దానిమీద కలశం నిలుపుతారు. బీరప్ప ముందు పరిచిన గొంగడిమీద పసుపు భండారి చల్లుతారు. బాలింతకు అదే పరుపు, పసిబిడ్డకు అదే ఉయ్యాల మెత్త, ధాన్యానికి అదే ఆరబోత బట్ట. అలంకారం, అవసరం అని రెండుగా విడదీసి చూడని ఇంటిలో గొంగడి రెండూ అయింది.

చరిత్ర రాసినవారి కన్ను మాత్రం నాజూకువైపే పోయింది. 13వ శతాబ్ది చివర కాకతీయుల రాజ్యం గురించి చెప్పిన మార్కోపోలో, మోటుపల్లి సన్నవస్త్రాలను సాలెగూడుతో పోల్చాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద గొర్రెలు ఇక్కడున్నాయని కూడా అన్నాడు. బట్ట గురించి చెప్పాడు, గొర్రె గురించి చెప్పాడు, ఆ రెండింటినీ కలిపే కాపరి గొంగడి ఆయన పలుకులో నిలవలేదు. ఓరుగల్లు తివాచీలు 1851లో లండను మహాప్రదర్శన దాకా వెళ్లాయి. అవి నవాబుల దివానాలకోసం పుట్టినవి. దాచుకునేవారున్నారు గనుక కొన్నయినా నిలిచాయి. గొంగడి అలా కాదు. చిరిగేదాకా కప్పుకుంటారు, చిరిగాక పశువుమీద కప్పుతారు, ఆఖరుకు మట్టిలో కలుస్తుంది. వస్తువే మిగలనప్పుడు మ్యూజియం దేనిని దాస్తుంది?

జనంలో మాత్రం గొంగడి ఒక జెండాగా నిలిచింది. గోచీ, చేతికర్ర, భుజాన గొంగడితో వేదికమీద గద్దర్ ఆడిపాడిన రూపం ఎవరికి గుర్తులేదు? 2023లో ఆయన కన్నుమూసినప్పుడు వేసిన బొమ్మలలో చాలావాటిలో ఆ గొంగడి ఉన్నది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి.

1986 వానకాలం. తాండూరు వైపు ఒక పల్లె బడి. ఏడో తరగతిలో ఒక కురుమల పిల్లవాడు. పాఠం చక్కగా అప్పజెప్పేవాడు; ముఖ్యంగా సంధులు. ఒకనాడు ముసురుపట్టింది. వాడు తండ్రి గొంగడి కొప్పెర పెట్టుకుని వచ్చాడు. చిన్నగది, మూసిన కిటికీలు. తడిసిన గొంగడి వాసన గదినిండా కమ్ముకున్నది. నేను కొత్త ఉపాధ్యాయుణ్ణి, తెల్లచొక్కా నలగనివ్వని వయసు. "దాన్ని బయట పెట్టిరా" అన్నాను. పిల్లలు నవ్వారు. వాడు మారుమాటాడకుండా వరండాలో పెట్టి వచ్చి కూర్చున్నాడు. సాయంత్రానికి చూరునీళ్లు పడి, మడతల్లో నిలిచి, గొంగడి రాయిలాగా బరువెక్కింది. వాడు దానిని రెండుచేతులా ఎత్తుకుని వెళ్లడం చూశాను. ఆ మరునాడూ వాన. వాడు ఎరువుల సంచిని కొప్పెరగా మడిచి తలమీద వేసుకుని వచ్చాడు. దానికి వాసన లేదు. నేనేమీ అనలేదు. ఆ తరువాత ఏ వానకూ వాడు గొంగడితో బడికి రాలేదు.

నేనప్పుడు దానిని గమనించాను గాని గ్రహించలేదు. ఏ జిడ్డు వాసన భరించలేక బయట పెట్టించానో, ఆ జిడ్డే కదా పిల్లవాణ్ణి వాననుండి కాపాడినది! గొంగడి ఎలా పోయిందని ఎవరైనా అడిగితే పాలితీను వచ్చిందని చెబుతాం. పాలితీను దానంతట అది రాలేదు. నావంటివాళ్లం తలుపు తీసి పిలిచాం.

తక్కిన కారణాలు మీకూ తెలిసినవే. పానీపట్టులో పాతబట్టల నూలుతో చేసిన చవక కంబళ్లు సంతల్లోకి వచ్చాయి. ఆ వెనుక మెత్తని పాలియెస్టరు దుప్పట్లు వచ్చాయి. వాటికంటె లోతైన మార్పు గొర్రెలోనే జరిగింది. మాంసానికి గిరాకీ పెరిగేసరికి, ఎత్తుగా, తొందరగా ఎదిగే నెల్లూరు జాతి పొట్టేళ్లను మందల్లోకి దించారు. పల్ల, జోడిపి, దొర అని ఆ జాతిలో మూడు రకాలు. మాంసానికి మేలైనవే, కాని వాటి ఒంటిమీద ఉండేది వెంట్రుక, ఉన్ని కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం రాయితీమీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. వాటిని పొరుగు రాష్ట్రాలనుండి కొని తెచ్చారు. 2019 పశుగణనలో దాదాపు 1 కోటి 91 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటిస్థానంలో నిలిచింది. కాపరికి ఆదాయం రావడం మంచిదే, దానిని నేను తప్పుపట్టను. కాని గొర్రెలు అంత పెరిగిన నేలమీద గొంగడి దొరకడం అరుదైపోయింది. ఉన్నిగొర్రెలున్నచోట కూడా కత్తిరించిన కూలికి సరిపడా ధర రాక, బొచ్చును చేలగట్ల మీదే వదిలేయడం నేను కళ్లారా చూశాను. అదే సమయంలో మన దేశం ఆస్ట్రేలియా, న్యూజిలాండులనుండి మెత్తని ఉన్నిని దిగుమతి చేసుకుంటూనే ఉన్నది.

మరి గోడకెక్కిన గొంగడి? అది దీనిని కాపాడుతుందా? ఇటువంటి కథ ఒకటి అమెరికాలో జరిగింది. నైరుతి అమెరికా పీఠభూములలోని నవాహోలు చుర్రో అనే జాతి గొర్రెల ఉన్నితో కప్పుకునే కంబళ్లు నేసేవారు. 1880లలో అక్కడికి రైలు వచ్చింది. మిల్లు కంబళ్లు దిగాయి. నవాహోలు అవే కప్పుకోసాగారు. వర్తకులు వారి నేతను నేలమీద పరిచే తివాచీగా, గోడ అలంకారంగా మార్పించి తూర్పు నగరాల ఇండ్లకు అమ్మారు. అలా నేత బ్రతికింది. గొర్రె మాత్రం బ్రతకలేదు. 1930లలో మేత చాలడం లేదని ప్రభుత్వం మందలను పెద్దయెత్తున తగ్గించింది. 1977 నాటికి చుర్రో గొర్రెలు కొన్ని వందలకు పడిపోయాయి. ఆ ఏడు లైల్ మెక్‌నీల్ అనే పశుశాస్త్ర ఆచార్యుడు మిగిలినవాటిని వెదికి కూడగట్టే పని తలకెత్తుకున్నాడు. అందువల్లనే ఆ జాతి ఈనాడు ఉన్నది.

నాకు ఈ కథలో కనిపించే పాఠం ఇది. గోడ నేతగానికి కూడు పెట్టగలదు. మందను కాపాడేది మాత్రం బొచ్చుకు వచ్చే ధర. దక్కని ఉన్నితో తివాచీలు, దిండ్ల గలీబులు, చెప్పులు కూడా చేస్తున్న యువతీయువకులు ఈనాడు ఉన్నారు. ఈ ఉన్ని గురించి సురేశ్ ఎరియట్ తీసిన 'దేశీ ఊన్' అనే బొమ్మల చిత్రానికి 2025లో ఫ్రాన్సులోని ఆనెసీ ఉత్సవంలో బహుమతి వచ్చింది. సంతోషమే. అయితే గోడకోసం గొంగడి కొనేవారు మూడు మాటలు అడగాలని నా మనవి. ఈ ఉన్ని ఏ ఊరి మందది? దారం చేతితో వడికినదా, వడికినామెకు కూలి ఎంత ముట్టింది? కాపరికి బొచ్చుకు ధర ఇచ్చారా, ఊరికే తెచ్చుకున్నారా? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ గోడ వెనుక ఒక మంద నిలుస్తుంది. దొరకకపోతే గోడమీద ఉన్నది జ్ఞాపకం మాత్రమే. ఇంకొక చిన్న కోరిక: పేరు మార్చవద్దు. టేపెస్ట్రీ అంటే పేకతో బొమ్మలు తీర్చే నేత. గొంగడిలో బొమ్మ లేదు, కప్పుకోగల నలుపు ఉన్నది. దానికి దాని పేరు చాలు.

గృహప్రవేశం జరిగిన ఇంటి కోడలు ఆ మధ్య ఫోనుచేసి, "మామయ్యగారూ, గొంగడి ఉతకవచ్చా?" అని అడిగింది. ఆమె నోట ఆ మాట విని నాకు ఎంత తృప్తి కలిగిందో! "ఎండలో వేసి దులుపు తల్లీ, సబ్బు పెట్టకు. ఆ వాసన ఉండనీ" అన్నాను. 1986లో చెప్పవలసిన మాట అది.

ఆ పిల్లవాడు ఇప్పుడు యాభై దాటినవాడై ఉంటాడు. ఎక్కడున్నాడో తెలియదు. కనిపిస్తే క్షమాపణ చెప్పుకోవాలని ఉన్నది.

మిత్రులారా, మీ ప్రాంతాలలో గొంగడికి, దాని మడతలకు, మగ్గం పనిముట్లకు, గొర్రెల రంగులకు ఏయే పేర్లు ఉన్నాయో వ్యాఖ్యలలో తెలియజేయండి. ముఖ్యంగా అనంతపురం, పాలమూరు, మెదకు వైపువారు. వస్తువు కంటె ముందు మాట పోతుంది. కనీసం మాటలనైనా ఒకచోట కూర్చి ఉంచుదాం.

శుభం.